పదిహేడో నంబరు పుస్తకం చివరి పేజీలు

భూమి గురించి, ఊరు పోగొట్టుకున్న మనుషుల గురించి, ఏది మన చోటు అన్న ప్రశ్న గురించి మంచి పుస్తకాలు చెప్పమని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చెబుతాను. అయితే చివరి పేజీలో ఏం జరుగుతుందో ముందే చెప్పి, ఆ తర్వాతే పుస్తకం చేతికిస్తాను. వాళ్లు విసుక్కుంటారు. "ఇట్ల ముందే చెప్పేస్తే ఇంకేం చదవాలె ఆంటీ?" అని మా సంఘంలో డిగ్రీ చదివే పిల్ల ఒకతె పుస్తకం నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది. ఆమె కోపంలో న్యాయముంది. నా పద్ధతికి కారణం కూడా ఉంది. అది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నారాయణగూడలో మా మందిరానికి ఆనుకుని ఒక పొడవాటి గది ఉంది. ఆదివారం సండే స్కూలు, శనివారం సాయంత్రం స్త్రీల కూడిక అందులోనే. మా నాన్న ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బోధకుడు. నాకు అక్షరాలు లేఖనాలతోనే వచ్చాయి. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో పేరుకుపోయిన నవలలన్నీ తెచ్చి ఆ గదిలోని ఇనుప బీరువాలో సర్దాను. సంఘ పెద్దలకు అది నచ్చలేదు. "మందిరంల నవలలు ఏందమ్మా, రేపు సినిమా పోస్టర్లు కూడా అంటిస్తరా?" అన్నాడొక పెద్దాయన. పాస్టరుగారు ఇద్దరికీ నొప్పి లేకుండా ఒక దారి చూపించారు. అట్టల మీది బొమ్మలు కనబడకుండా ఖాకీ కాగితం వేసి, పైన నంబరు మాత్రం రాయమన్నారు. అలా మా బీరువాలో పుస్తకాల పేర్లు పోయి నంబర్లు మిగిలాయి. ఆ నంబర్లకు ఆడవాళ్లు తమకు తోచిన పేర్లు పెట్టుకున్నారు.

నాలుగో నంబరు బండ పుస్తకం. రాయి కొట్టే కుటుంబం ఒకటి, గుట్ట అరిగిపోయినప్పుడల్లా గుడిసె పీక్కుని ఇంకో గుట్ట దగ్గరికి పోతుంది. ఆ ఇంటి పిల్లకు మీ ఊరేదని అడిగితే చెప్పడం రాదు. ఏ గుట్ట కింద పుట్టిందో తెలుసు, ఆ గుట్ట ఇప్పుడు లేదు. మధ్యలో కాస్త సాగుతుంది, అయినా చదవండి. తొమ్మిదోది కాగితాల పుస్తకం. తాను తానేనని రుజువు చేసుకోవడానికి ఒక మనిషి ఆఫీసుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరుగుతాడు. చివరికి కాగితం వస్తుంది, అందులో తండ్రి పేరు తప్పుగా పడుతుంది. దిద్దించుకునే ఓపిక లేక ఇంట్లో అందరికీ ఆ తప్పు పేరే అలవాటు చేస్తాడు. పన్నెండోది నడక పుస్తకం. కరువులో పశువులను తోలుకుని బయల్దేరిన ఇల్లు అది. బతికినవాళ్లు తిరిగి వచ్చేసరికి వాళ్ల బావి పక్కింటివాళ్ల గోడ లోపలికి పోయి ఉంటుంది.

శనివారం కూడికకు వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. అందుకని ప్రార్థన అయ్యాక ఒక గంట నేనే చదివి వినిపించేదాన్ని. వాళ్లు ఊరికే వినేవాళ్లు కాదు. నడక పుస్తకంలో ఎద్దు దారిలో పడిపోయిన రోజు ఒకామె లేచి కూర్చుంది.

"గా ముసలోనికి ఏం రోగమే, ఎద్దును ముందే అమ్ముకోక?"

"అమ్ముకుంటే కత ఎట్ల నడుస్తదే పిచ్చిదాన?" అంది పక్కామె.

"కత నడవనీకె ఎద్దును సంపుతడా? రాసినోడు ఏడుంటడో చెప్పమ్మా, జర పోయి అడుగుత."

ఆ నవ్వులలో నవ్వని మనిషి ఒకతె ఉండేది. చెప్పులు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చునేది. ఆమెది మహబూబ్‌నగర్ వైపు ఊరు. అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు కూల్చి ఆరంతస్తుల హాస్టల్ కడుతుంటే అక్కడ ఇసుక మోసేది, ఆ జాగాలోనే రేకుల షెడ్డులో ఉండేది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు. గ్రూప్ పరీక్షలకు చదువుతూ రెండు వీధుల అవతల ఒక హాస్టల్ గదిలో మంచం కిరాయికి తీసుకుని ఉండేది. పొద్దున ఆరింటికే వెళ్లి చిక్కడపల్లి లైబ్రరీ ముందు వరుసలో బ్యాగు పెట్టుకునే వందలమంది పిల్లల్లో ఆ అమ్మాయి ఒకతె.

ఒక శనివారం అందరూ వెళ్లాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మా ఊరు నీళ్ల కింద పోతున్నదమ్మా. జర ప్రార్థన పెట్టు."

రిజర్వాయర్ కడుతున్నారట. ఎకరంన్నర మెట్ట చెలక, రెండు గదుల ఇల్లు మునకలోకి వస్తాయట. భర్తను ఆ చెలక గట్టు పక్కనే పూడ్చారు. సొంత భూమి ఉన్న ఇళ్లలో వాళ్ల దగ్గర అదే ఆనవాయితీ. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. చేశాక, బడిపంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోలేక అన్నాను, "నీలాంటి ఊరి మీదే ఒక పుస్తకం ఉంది చెల్లీ."

"నాకు సదువు రాదు గదమ్మా."

"నేను చదువుతా. వచ్చేవారం మొదలుపెడదాం."

అది పదిహేడో నంబరు. మొదలుపెట్టిన రోజే ఆడవాళ్లు దానికి నీళ్ల పుస్తకం అని పేరు పెట్టేశారు. ఒక ఊరు జలాశయం కింద పోతుంటుంది. ఇల్లిల్లూ కాగితం మీద సంతకం పెట్టి కొత్త కాలనీలో స్థలం తీసుకుని వెళ్లిపోతుంది. ఒక ముసలామె మాత్రం సంతకం పెట్టదు. మేకను తన పొలం గట్టుకు కట్టేసి, దాని పక్కనే కూర్చుంటుంది. నాకు తెలిసినంతలో భూమి మీద అంత కరుణతో రాసిన పుస్తకం ఇంకొకటి లేదు. నేను దాన్ని అప్పటికి రెండుసార్లు చదివాను. చివర ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

నాలుగు శనివారాలు చదివాను. ఆమె గుమ్మం దగ్గర నుంచి ముందు వరుసలోకి జరిగింది. చదువుతుంటే మధ్యలో ఆపేది. "మా తాన గూడ గట్లనే అన్నడు ఆ సారు" అనేది. "అమ్మా, ఆ ముసలామెకు బిడ్డలు లేరా?" అని అడిగేది. మేక ఈనినప్పుడు మొదటిసారి నవ్వింది. ఆ పుస్తకం ఆమెకు నచ్చుతున్నదని నేను లోలోపల గర్వపడ్డాను. సరైన పుస్తకాన్ని సరైన మనిషి చేతికి అందించడం కూడా ఒక పరిచర్యేనని ఆ రోజుల్లో అందరితో అంటుండేదాన్ని.

ఐదో శనివారం ఆమె రెండు రోజుల ఉపవాసంతో వచ్చింది. ఊరి కోసం ఉపవాస ప్రార్థన పట్టానంది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఇసుక మోయడం మానలేదు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. కూడికలో ఎవరు సాక్ష్యం చెప్పినా, అది ఎంత చీకటి కథయినా, చివర వెలుగులో ముగించాలి. భర్త కొట్టాడని మొదలుపెట్టినామె అతను మారాడనో, మారకపోయినా తనకు సమాధానం దొరికిందనో చెప్పి స్తోత్రంతో కూర్చుంటుంది. గుంటలో ఎవరినీ వదిలేసి రాకూడదని మా నాన్న నేర్పాడు. అరవై ఏళ్లుగా నేను విన్న కథలన్నీ అలా ముగిసినవే. నా నాలుకకు ఇంకో ముగింపు అలవాటు లేదు.

చివరి అధ్యాయం తెరిచాను. అందులో పోలీసులు వస్తారు. ముసలామెను నలుగురు ఎత్తి జీపులో కూర్చోబెడతారు. సంతకం పెట్టలేదు కనుక కాలనీలో ఆమెకు స్థలం ఉండదు. పాత ఇరుగుపొరుగువాళ్ల కొత్త ఇళ్ల వరండాలలో నెలకొక చోట పడుకుంటూ, చివరికి ఎవరి వరండాలో ఉందో ఆ ఇంటివాళ్లకే తెలియని స్థితికి వస్తుంది. ఒక పిల్లవాడు ఈమె ఎవరి అమ్మ అని అడుగుతాడు. ఎవరూ జవాబు చెప్పరు. అంతే, పుస్తకం అక్కడ ఆగిపోతుంది.

మొదటి రెండు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే చదివాను. తలెత్తితే ఆమె ముఖం కనబడింది. ఆ తర్వాత నేను పేజీ వైపు చూస్తూనే పేజీలో లేనిది చదవడం మొదలుపెట్టాను. పోలీసులు వచ్చారు గానీ ముసలామె ప్రార్థన విని వెనక్కి తిరిగారు. నీళ్లు ఆమె పొలం గట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. పెద్ద అధికారి వచ్చి చేతులు జోడించాడు. మాటలు తడుముకోకుండా, అచ్చు పుస్తకం భాషలోనే వచ్చాయి. మధ్యలో ఒకసారి పేజీ కూడా తిప్పాను. ఆడవాళ్లు ఆమెన్ అన్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఆమె మాత్రం అడిగింది. "గట్ల రాసున్నదా అమ్మా?"

నేను పుస్తకం మూసి, "రాసి ఉంది" అన్నాను.

లేఖనానికి ఒక మాట కలపడమూ, ఒక మాట తీయడమూ ఎంత నేరమో నాకు ఐదేళ్ల వయసు నుంచి తెలుసు. కథల పుస్తకానికి ఆ భయం అవసరమని ఆ క్షణంలో తోచలేదు. కానీ ఆమెకు ఆ తేడా ఎవరు చెప్పారు? అదే బల్ల, అదే కళ్లజోడు, అదే గొంతు. ముందు గంటలో నల్ల అట్ట పుస్తకం, తర్వాతి గంటలో ఖాకీ అట్ట పుస్తకం. రాసి ఉన్నది నిలుస్తుందని ఆ గదిలో ఆమెకు నేర్పినదాన్ని నేనే.

ఆ మంగళవారం వాళ్ల ఊళ్లో సమ్మతి పత్రాల మీద సంతకాలు తీసుకున్నారు. సంతకం పెట్టినవాళ్లకే పునరావాస కాలనీలో ఇంటి జాగా. ఆ సంగతి నాకు తెలియదు. ఆమె నాకు చెప్పలేదు. కూతురు అడిగితే "నేను చూస్కుంట, నువ్వు సదువుకో బిడ్డా" అందట. ఊరికి పోయింది, అధికారుల ముందు నిలబడింది, వేలిముద్ర వెయ్యనని చెప్పి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చింది. తర్వాతి శనివారం కూడికలో ఆమె ముఖంలో ఎన్నడూ లేని నెమ్మది చూసి, ప్రార్థన ఫలించిందనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం కూతురు మా గదికి వచ్చింది. సన్నగా, చేతికి హైలైటర్ మరకలతో ఉంది. మర్యాదగా పదిహేడో నంబరు అడిగింది. భూమి మీద పుస్తకాలు చదివే ఆసక్తి ఈ పిల్లకూ వచ్చిందని సంతోషించి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని ఇచ్చాను. మూడోరోజు తిరిగి తెచ్చింది. బల్ల మీద పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"లైబ్రరీల కూసొని చదివిన ఆంటీ. రెండుసార్లు చదివిన. ఇంకో ఎడిషన్ ఏమన్న ఉన్నదేమోనని అక్కడ కూడ అడిగిన."

నాకు అప్పటికే అర్థమైంది.

"మా ఊళ్లె ప్లాట్ల లాటరీ అయిపోయింది. మా పేరే లేదు. ఎందుకు లేదని అమ్మను అడిగితే పుస్తకంల ఉన్నదంటది. నీళ్లు గట్టు కాడ ఆగుతయంట. ఆఫీసరు వచ్చి దండం పెడతడంట. ఏ పుస్తకమే అంటే, నీళ్ల పుస్తకం, మందిరంల అమ్మ చదివింది అంటది." ఆమె గొంతు పెరగలేదు. "ఇందుల ఏమున్నది ఆంటీ? సంతకం పెట్టని ముసలిది ఆగమైందని ఉన్నది. మీరు ఉన్నది ఉన్నట్టు చదివుంటే మా అమ్మ ఆ మంగళారం ఏలిముద్ర ఏస్తుండె."

"ఆమె బాధ చూడలేక..." అన్నాను.

"మీరు చూడలేకపోయిన్రు. సరే. మరి అమ్మ ఏడ ఉండాలె?"

పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పాస్టరుగారితో చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు. ఉద్దేశం మంచిదే కదమ్మా అన్నారు. నా కోసం ప్రార్థించారు. ఆ ప్రార్థనలో నాకు క్షమాపణ ఉంది, ఆమెకు ఇల్లు లేదు. లేఖనాలలో పొలం పోగొట్టుకున్నవాళ్ల కథలు చాలా ఉన్నాయి. వాటి చివరలు చదవడానికి మనసొప్పకపోయినా వేల ఏళ్లుగా ఎవరూ మార్చలేదు. నేను పదకొండు మంది ఆడవాళ్ల ముందు రెండు పేజీలు మార్చకుండా ఉండలేకపోయాను.

అశోక్‌నగర్‌లో ఆమె షెడ్డుకు వెళ్లాను. కూలి అయిపోయి కాళ్లు కడుక్కుంటోంది. కూతురు అప్పటికే చెప్పేసింది.

"నువ్వు సదవలేదా అమ్మా? నోటితోని చెప్పినవా?"

"అవును."

"నేను అడిగిన గద, రాసున్నదా అని."

"అడిగావు."

ఆమె చెంబు బోర్లించి దాని మీదే చూపు పెట్టింది. నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను, నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. ఆమె అన్నది ఒక్కటే. "తప్పైందని నాతోని చెప్తే ఏమొస్తదమ్మా. ఆఫీసుల చెప్పు. నాతోని రా."

ముగ్గురం వెళ్లాం. పొద్దున బస్సు, తర్వాత ఆటో. ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని నేనే దరఖాస్తు రాశాను. ఆమెకు చదువు రాదని, నేను చదివి వినిపించినదాన్ని నమ్మి సమ్మతి ఇవ్వలేదని, ఆ చదివినది నా కల్పన అని, తప్పు పూర్తిగా నాదని, కనుక ఆలస్యాన్ని మన్నించి ఆమెకు ఇంటి జాగా ఇప్పించాలని రాశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు లేఖలు నేర్పినదాన్ని, అంత శుభ్రమైన లేఖ ఎప్పుడూ రాయలేదు.

గుమాస్తా నడివయసు మనిషి. మొదటి పేజీ చదివి, తిరగేసి, మళ్లీ చదివాడు.

"ఏందమ్మా ఇది? నవల అంటరేంది?"

"నిజమే బాబూ. తప్పు నాది."

"తప్పు మీదే, కాదంటలేను. కాని దీన్ని సారు ముంగట పెడితే నన్ను పిచ్చి దవాఖానకు తోల్తడు." పక్క బల్ల ఆయన నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు. కాగితం నాకు తిరిగిచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దమనిషిలెక్క ఉన్నరు, ఒక మాట చెప్త. ఒద్దన్నోళ్లదీ రానోళ్లదీ రిజిస్టర్ల ఖాళీనే ఉంటది. పానం బాగలేక రాలేదు అంటే లేటును మాఫ్ చేసిన కేసులు ఉన్నయి. ఆ దినాలల్ల ఆమె దవాఖానల ఉండె అని రాయుండ్రి. నాలుగు లైన్లు, సాలు. అది పైకి పోతది. ఇది పోదు."

కొత్త తెల్లకాగితం నా ముందు జరిపాడు. కలం పట్టుకున్నాను. రాయలేకపోయాను. అబద్ధంతో మొదలైనదాన్ని అబద్ధంతో దిద్దడం దేవుని ముందు ఎలా నిలుస్తుందని అనిపించింది. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ ఆ రోజు నాకు అది నిజమైన భయమే. గుమాస్తా ఫైలు కట్టలు సర్దుకోసాగాడు.

"రాయి అమ్మా" అంది ఆమె.

"ఇది నిజం కాదు కదా చెల్లీ."

"ఆ దినం నీకు పుస్తకం సూస్కుంటనే వచ్చింది గద. గిప్పుడు రాదా?"

కూతురు నా చేతిలో నుంచి కలం తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగా తీసుకుంది. కాగితం తన వైపు తిప్పుకుని నిలబడే రాసింది. అలాంటి ఆఫీసులో కుర్చీ కోసమే ఆ పిల్ల మూడేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు చదువుతోంది. జ్వరం, ఆస్పత్రి, తేదీలు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తల్లి వేలిముద్ర వేసింది. విచారణకు ఫోన్ నంబరు కావాలంటే, తల్లికి ఫోన్ లేదని, తనది లైబ్రరీలో ఎప్పుడూ ఆపేసి ఉంటుందని నా నంబరు రాసింది. తిరుగు బస్సులో మేం ముగ్గురం వేరువేరు సీట్లలో కూర్చున్నాం.

ఫోన్ రెండు నెలల తర్వాత వచ్చింది. మధ్యాహ్నం, ఇంట్లో కందిపప్పు ఏరుతున్నాను. ఆడగొంతు. ఆఫీసు నుంచట, దరఖాస్తు పెట్టినామె నాకు ఏమవుతుందని అడిగింది. మా సంఘంలో మనిషి అన్నాను.

"సంతకాల టైముల దవాఖానల ఉన్నదని దరఖాస్తుల ఉన్నది. నిజమేనా మేడం?"

"నిజమే" అన్నాను. ఈసారి తడబడలేదు.

"ఏ దవాఖాన?"

పేరు చెప్పలేకపోయాను. ప్రైవేటు అన్నాను.

"డిశ్చార్జి కాగితం పంపియ్యుండ్రి. మంగళవారం లోపట రావాలె. లేకుంటే క్లోజ్ అయితది."

మా సంఘంలో డాక్టరు ఒకాయన ఉన్నారు, ఆయనకు సండే స్కూల్లో నేనే పాఠాలు చెప్పాను. ఆ సాయంత్రమే చిక్కడపల్లిలో ఆయన క్లినిక్‌కి వెళ్లి, రోగులందరూ వెళ్లేదాకా కూర్చుని, కాగితం ఒకటి కావాలని అడిగాను. ఎందుకో చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నన్ను చూశారు. "అమ్మగారూ, మీరా ఇది అడుగుతున్నది?" అన్నారు. మందలింపు లేదు ఆ మాటలో, నిజమైన ఆశ్చర్యమే. తాను అలాంటి కాగితం ఇవ్వలేనని, ఇచ్చానని తెలిస్తే దేవునికీ ప్రభుత్వానికీ జవాబు చెప్పుకోవాలని చెప్పి, గేటు దాకా వచ్చి నన్ను ఆటో ఎక్కించారు. ఆయన చేసింది సరైనదే. నేను పాఠం చెప్పిన పిల్లవాడు కనుకే అలా చేశాడు. ఇంకో ఇద్దరిని అడిగాను. వాళ్లకు నేనెవరో తెలియదు కనుక లోపలికే రానివ్వలేదు.

మంగళవారం వెళ్లిపోయింది. బుధవారం నేను ఫోన్ చేస్తే అదే ఆడగొంతు, క్లోజ్ అయిందని చెప్పింది.

ఆ సాయంత్రం అశోక్‌నగర్ వెళ్లాను. హాస్టల్ నాలుగో అంతస్తు స్లాబు అయిపోయింది. కింద ఇసుక కుప్ప దగ్గర ఆమె పారతో తట్ట నింపుతోంది. ఆఫీసు నుంచి వచ్చిన మాట చెప్పాను. ఇంక దారి లేదన్నాను. ఆమె నింపడం ఆపలేదు.

"పోన్ల ఏం చెప్పినవ్?"

"ఆస్పత్రిలో ఉన్నావని చెప్పాను."

పార ఆగింది. "నువ్వే చెప్పినవా? నోటితోని?"

"నేనే."

ఆమె నా ముఖం వైపు కొంతసేపు చూసింది. ఆ చూపులో కోపముందో జాలి ఉందో నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే, తెలియదనే రాయాలి.

"నీళ్లు ఇడిచిన్రంట" అంది. "నిన్న మా మరిది వచ్చి చెప్పిండు. చెలక మునిగింది. ఆయనను పెట్టిన జాగ గూడ మునిగింది. ఇల్లు ఇంక కనబడుతున్నదంట సగం."

పైనుంచి మేస్త్రీ అరిచాడు. "ఏయ్, ఇసుక లేక మాల్ ఆగింది ఈడ, ముచ్చట్లు బంద్ చెయ్."

ఆమె తలగుడ్డ చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. తట్ట వైపు వంగి, ఒక్కతే ఎత్తలేక, నన్ను చూసింది.

"జర చెయ్యి పట్టమ్మా."

అటు అంచు నేను పట్టుకున్నాను. ఇసుక తడిసి ఉంది, నేను అనుకున్నదానికంటే చాలా బరువు. ఇద్దరం కలిసి ఎత్తి ఆమె నెత్తిన పెట్టాం. ఒకసారి మెడ సర్దుకుని, కర్రల నిచ్చెన ఎక్కుతూ పైకి వెళ్లింది. నేను కిందే నిలబడి ఉన్నాను. ఖాళీ తట్టతో దిగి, మళ్లీ నింపి, మళ్లీ నా వైపు చూసింది. చీకటి పడేదాకా తట్టలు ఎత్తాను.